ఆకు మనకు, గడ్డ మట్టికి: వసంతకాలపు అడవిలో ర్యాంప్స్

(పెన్సిల్వేనియాలోని తెలుగు కుటుంబాల కోసం ఏప్రిల్ మొదట్లో ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా అండీ? సరే. ఈ బల్ల మీద మూడు ట్రేలు పెట్టాను. ఇప్పుడే ఎవరూ ముట్టుకోకండి. ఎందుకు వద్దంటున్నానో మధ్యలో చెప్తాను.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. ఈ మొక్కను ఇక్కడివాళ్లు ర్యాంప్స్ అంటారు, వైల్డ్ లీక్ అని కూడా అంటారు. శాస్త్రీయ నామం ఆలియమ్ ట్రైకాకమ్. ఉల్లి, వెల్లుల్లి జాతే. మనవాళ్లు కొందరు దీన్ని తెలుగులోకి తిప్పి 'అడవి ఉల్లి' అంటున్నారు. దయచేసి ఆ మాట వాడకండి. తెలుగునాట అడవి ఉల్లి అన్నా, నక్కవుల్లి అన్నా అది వేరే మొక్క. చూడ్డానికి ఉల్లిగడ్డలా ఉంటుంది, కానీ విషం. గుండెను దెబ్బతీసే విషం. రేపు మీ పిల్లలు ఊరికి వెళ్లి, "అమెరికాలో అడవి ఉల్లి తిన్నాం కదా" అని అక్కడి గడ్డ తవ్వితే ఏమవుతుంది? అందుకని దీన్ని ర్యాంప్స్ అనే పిలుద్దాం. ఇక్కడి మొక్క, ఇక్కడి పేరుతోనే ఉండనిద్దాం.

ఇది కెనడాలోని క్వెబెక్ నుంచి కింద జార్జియా కొండల దాకా, పడమరకు మిన్నెసోటా దాకా పెరుగుతుంది. షికాగో నగరం పేరు కూడా దీన్నుంచే వచ్చిందంటారు. ఆ ప్రాంతపు మయామీ-ఇల్లినాయ్ ప్రజల భాషలో 'షికాక్వా' అంటే ఈ మొక్కే. చెరోకీలు, ఒజిబ్వేలు, మెనామినీలు అనే ఇక్కడి ఆదివాసులు తరతరాలుగా తిన్న ఆకు ఇది. చలికాలమంతా ఎండబెట్టినవీ ఉప్పులో ఊరవేసినవీ తిన్న ఇళ్లలోకి వసంతంలో వచ్చే మొట్టమొదటి పచ్చటాకు. ఆ విలువ మనకు తెలియంది కాదు. చింతచిగురు వచ్చే రోజుల కోసం ఎదురుచూసేవాళ్లమే కదా మనం.

కానీ చింతచిగురుకూ దీనికీ పెద్ద తేడా ఉంది. ఇవాళ నేను చెప్పేదంతా ఆ తేడా చుట్టూనే తిరుగుతుంది.

చింతచెట్టుకు చిగురు దూస్తే మళ్లీ వేస్తుంది. తోటకూర గిల్లితే పక్కకొమ్మలు వేస్తుంది. గోంగూర కోస్తే పది రోజుల్లో మళ్లీ కోతకొస్తుంది. వాటికి ఏడాదిలో చాలా నెలలు ఎండ దొరుకుతుంది. ర్యాంప్స్‌కు ఏడాది మొత్తం మీద ఎన్నాళ్లు ఎండ దొరుకుతుందనుకుంటున్నారు? నాలుగు వారాలు. మహా అయితే ఆరు. అంతే.

ఎలాగో చూడండి. మార్చి చివర్లో, ఏప్రిల్ మొదట్లో మంచు కరిగి నేల మెత్తబడుతుంది. పైన మేపుల్, బీచ్ చెట్లకు ఇంకా ఆకు రాలేదు. ఎండ సూటిగా నేల మీద పడుతోంది. సరిగ్గా అప్పుడు రాలిన ఆకుల పొరను చీల్చుకుని ర్యాంప్ పైకొస్తుంది. ఇంచుమించు మనం ఉగాది చేసుకునే రోజులు. మే నెల మధ్యకల్లా పైచెట్లు ఆకు తొడుగుతాయి, అడవి నేలంతా నీడ కమ్ముతుంది. దాంతో ర్యాంప్ ఆకులు పసుపు తిరిగి, వాలి, జూన్‌కల్లా మాయమైపోతాయి. ఆ తర్వాత జూన్, జూలైలో ఒంటికాడ మీద తెల్లటి పూలగుత్తి వస్తుంది. అప్పటికి ఆకు ఒక్కటీ ఉండదు. అంటే ఆ పువ్వు, ఆ గింజ, వచ్చే ఏడాది ఆకు, అన్నీ ఎక్కణ్నుంచి రావాలి? ఆ నాలుగు వారాల్లో ఆకు వండి గడ్డలో దాచిపెట్టిన కూటి నుంచే రావాలి. ఇంకో దారి లేదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా నియమాలన్నీ మీకే తడతాయి.

ఇంకో లెక్క చెప్తాను. సెప్టెంబరులో గింజ రాలుతుంది. మిరియం కంటే చిన్నది, నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. అది మొలవాలంటే ముందు కొంత కాలం వెచ్చగా తడిగా ఉండాలి, తర్వాత చలికాలం గడవాలి. ఆ వరస తప్పితే ఇంకో ఏడాది నేలలోనే నిద్రపోతుంది. మొలవడానికే ఆరు నెలల నుంచి ఏడాదిన్నర పడుతుంది. మొలిచాక మొదటి ఏడాది సన్నటి గడ్డిపోచలా ఒక్క ఆకు. పువ్వు పూయడానికి ఐదు నుంచి ఏడేళ్లు. మీరు ఒక గడ్డ పీకారంటే, దాని చోటు గింజ నుంచి మళ్లీ భర్తీ కావాలంటే, ఇవాళ ఒళ్లో ఉన్న బిడ్డ రెండో తరగతికి వెళ్లాలి.

గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో ఈ విషయం మీద ఏళ్ల తరబడి ప్రయోగం చేశారు. ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. గడ్డలతో సహా తవ్వుకుంటే గుంపు తట్టుకునే హద్దు ఎంతని తేలిందో తెలుసా? నూటికి పది మొక్కలు. ఏడాదికి కాదండీ. పదేళ్లకోసారి నూటికి పది. జాగ్రత్తగా వినండి, ఇక్కడే అందరూ పొరబడతారు. 'పది శాతం' అన్న మాట పట్టుకుని ఏటా పది శాతం తవ్వేస్తారు. ఏటా పది శాతం తవ్వితే ఆ గుంపు ఏటికేడు తరిగిపోతుంది. ఆ పార్కులో ర్యాంప్స్ తవ్వడం 2000ల మొదట్లోనే ఆపేశారు. క్వెబెక్‌లో 1995 నుంచి అమ్మకమే నిషేధం. ఇంటి వాడకానికి మనిషికి ఏడాదికి 50 మొక్కలు, అంతకు మించి ఒక్కటి కూడా తీసుకోకూడదు. అక్కడ అంత గట్టి చట్టం రావడానికి ముందు ఎంత తవ్వేసి ఉంటారో ఆలోచించండి.

ఇక గుర్తుపట్టడం

ఇది కొంచెం నెమ్మదిగా చెప్తాను. రాసుకునేవాళ్లు రాసుకోండి.

ఎక్కడ వెతకాలి? పైన్ చెట్ల కింద వెతక్కండి, ఎండుగా రాతిగా ఉన్న ఓక్ గుట్టల మీదా వెతక్కండి. షుగర్ మేపుల్, బీచ్, బాస్‌వుడ్, ట్యులిప్ పాప్లర్ కలిసి ఉన్న పాత అడవి కావాలి. ఉత్తరానికో తూర్పుకో వాలిన గట్టు కావాలి. నేల నల్లగా, మెత్తగా, గుప్పిట పిండితే ముద్దగా నిలిచేలా ఉండాలి. సున్నం పాలు ఎక్కువున్న నేల అయితే మరీ ఇష్టం. ట్రిలియం, బ్లడ్‌రూట్, మే ఆపిల్, బ్లూ కోహోష్ అనే అడవి మొక్కలు కనిపిస్తే మీరు సరైన చోటే ఉన్నారు. అవి దీని ఇరుగుపొరుగు.

ఇప్పుడు మొదటి ట్రే చూడండి. ఇది ర్యాంప్. నేను ఒక మొక్క పైకెత్తి చూపిస్తాను. ఆకులు రెండు, కొన్నిటికి మూడు. పొడవు జానెడు నుంచి అడుగు దాకా. వెడల్పు రెండు మూడు వేళ్లు. అరటి పిలక ఆకును బాగా చిన్నది చేసినట్టు, మధ్యలో ఈనె, కొసన మొనదేలి. ముట్టుకుంటే మెత్తగా, జారుడుగా ఉంటుంది. వేలితో వంచితే పట్టుగుడ్డలా వంగుతుంది, పెటుక్కుమని విరగదు. ముఖ్యమైనది ఇక్కడ ఉంది, నా వేలు చూడండి. ప్రతి ఆకుకూ దాని సొంత కాడ ఉంది. రెండు ఆకులూ నేల దగ్గర విడివిడి కాడలతో పైకొస్తున్నాయి. కాడ ఎర్రగా, వంగపండు రంగులో ఉంది. కాడ అడుగున, మట్టిలో, తెల్లటి గడ్డ. చిన్న ఉల్లికాడ గడ్డంత ఉంటుంది.

ఎర్రకాడ చూసి చాలామంది "ఓహో, ఇదే గుర్తు" అనుకుంటారు. కాదండీ. ర్యాంప్స్‌లోనే ఇంకో రకం ఉంది, బర్డిక్కీ అని. దాని ఆకు సన్నం, కాడ తెల్లగానే ఉంటుంది. అదీ ర్యాంపే. అటువైపు, విషపు మొక్కల్లోనూ లేత మొలకకు అడుగున ఎరుపు ఉండొచ్చు. కాబట్టి ఎర్రకాడ లేకపోతే ర్యాంప్ కాదనీ అనుకోవద్దు, ఎర్రకాడ ఉంటే ర్యాంపేననీ అనుకోవద్దు.

రెండో ట్రే. ఇది లిలీ ఆఫ్ ద వ్యాలీ. తెల్లటి గంటల్లాంటి పూలు పూస్తుంది, ఇళ్ల ముందు అందం కోసం వేస్తారు. అక్కడ్నుంచి అడవి అంచులకు పాకుతుంది. పాత పాడుబడ్డ ఇళ్ల చుట్టూ మరీ ఎక్కువ. దూరం నుంచి చూస్తే అచ్చం ర్యాంపే. దగ్గరికొచ్చి చూడండి. ఇక్కడ రెండు ఆకులకు వేరువేరు కాడలు లేవు. ఒక ఆకు లోంచి ఇంకో ఆకు పొట్లం చుట్టినట్టు బయటికొస్తోంది. రెండిటికీ కలిపి ఒకటే కాండం. ఆకు ర్యాంప్ కంటే బిరుసు. అడుగున గడ్డ ఉండదు, అల్లంలా అడ్డంగా పాకే సన్నటి వేరు ఉంటుంది. దీని నిండా గుండెను పట్టుకునే విషం. వాంతులు, ఆ తర్వాత నాడి తప్పడం.

మూడో ట్రే. దీన్ని కళ్లతోనే చూడండి, చేత్తో వద్దు. ఫాల్స్ హెల్లెబోర్, శాస్త్రీయంగా విరాట్రమ్ విరిడె. ర్యాంప్స్ అనుకుని తిని ఆసుపత్రి పాలైనవాళ్లలో ఎక్కువగా వినిపించే పేరు ఇదే. దీని ఆకు చూడండి. చీర కుచ్చిళ్లు తెలుసు కదా? కొస నుంచి మొదలుదాకా మడత మీద మడత. ఆకంతా కుచ్చిళ్లే. ర్యాంప్ ఆకు చదునుగా, ఇస్త్రీ చేసినట్టుంటుంది. ఇది కుచ్చిళ్లు పోసినట్టుంటుంది. ఇంకా, దీనికి లావాటి కాండం ఒకటి నిలబడి, ఆకులు దాని చుట్టూ మెట్లుమెట్లుగా వస్తాయి. ఆకుకు కాడే లేదు, కాండాన్ని వాటేసుకుని ఉంటుంది. తడి నేల, ఊటనీరు దీనికిష్టం. అయితే వాలు కింద ఊట ఉండి, పైన ర్యాంప్స్ ఉంటే? రెండూ పదడుగుల దూరంలో ఉండొచ్చు. ఏప్రిల్ మొదట్లో ఇంకా ఆకు విప్పుకోకుండా చుట్టలా ఉన్నప్పుడు కుచ్చిళ్లు అంత బాగా కనబడవు. అందుకే చెప్తున్నాను, విప్పుకోని మొలకలు ఏవీ కోయొద్దు. ఆకు పూర్తిగా విచ్చుకున్నాకే కోయాలి.

దీన్ని తింటే అరగంట నుంచి కొన్ని గంటల లోపల వాంతులు మొదలవుతాయి. నాడి నెమ్మదిస్తుంది, బీపీ పడిపోతుంది. ఉడికిస్తే విషం పోతుందా? పోదు. పోపు పెడితే పోతుందా? పోదు. ఈ రెండు మొక్కల్లో దేని విషమూ పొయ్యి మీద పోదు.

ఇంకా స్కంక్ క్యాబేజ్ ఉంది. బురదలో పెరుగుతుంది, ఆకు వెడల్పు, ఈనెలు వలలా ఉంటాయి, నలిపితే కంపు కొడుతుంది. ట్రౌట్ లిలీ ఉంది, ఆకు మీద గోధుమరంగు మచ్చలు ఉంటాయి. ఒకసారి చూస్తే ఇవి తెలిసిపోతాయి, వీటి మీద సమయం పెట్టను.

ఇప్పుడు వాసన. అందరూ చెప్పేది ఇదే కదా, "నలిపి చూడు, వెల్లుల్లి వాసన వస్తే ర్యాంప్". నిజమే. ర్యాంప్‌కు వెల్లుల్లీ ఉల్లీ కలిసిన వాసన. మిగతా రెండిటికీ ఆ వాసన లేదు. మరి ఇంత సులువైన పరీక్ష ఉండగా మనుషులు ఎందుకు పొరబడుతున్నారు?

చేతుల వల్ల. మొదటి ర్యాంప్ నలిపారు. వాసన వచ్చింది. ఆ వాసన మీ వేళ్లకు అంటుకుంది. ఇక మీరు ఏ ఆకు నలిపినా వెల్లుల్లి వాసనే వస్తుంది. లిలీ నలిపినా వస్తుంది. గడ్డి నలిపినా వస్తుంది. ఇంట్లో వెల్లుల్లి ఒలిచిన చేత్తో ఏం తిన్నా ఆ వాసన రావడం మీకు తెలీదా? అదే ఇది. సంచిలో అయితే ఇంకా మోసం, పది ర్యాంప్ ఆకుల మధ్య ఒక లిలీ ఆకు పడితే గంటలో దానికీ అదే వాసన. అందుకే ఈ ట్రేలు ముట్టుకోవద్దన్నాను. ఒకటి ముట్టుకుని ఇంకొకటి వాసన చూస్తే పాఠం తలకిందులవుతుంది.

కాబట్టి వాసన మొదటి పరీక్ష, చివరిది కాదు. వాసన రాకపోతే అది ర్యాంప్ కాదు, వదిలేయండి. వాసన వస్తే అప్పుడు కళ్లతో చూడాలి. విడి కాడలా? చదును ఆకా? నిలబడే కాండం లేకుండా ఉందా? మూడూ కుదిరితేనే కత్తెర. ప్రతి ఆకుకూ ఇంతే. కొత్త చోటైతే ఒక్క మొక్క దగ్గర వేలితో మట్టి తొలిచి గడ్డ కనబడేదాకా చూసి, మళ్లీ మట్టి కప్పేయండి. పీకక్కర్లేదు.

ఎంత కోయాలి, ఎలా కోయాలి

పిడికిట పట్టి కోయడం మన అలవాటు. పాలకూర కట్ట అలాగే కోస్తాం. ఇక్కడ అలా కోస్తే రెండు తప్పులు ఒకేసారి జరుగుతాయి. పిడికిట్లోకి పక్కమొక్క ఏదొచ్చిందో తెలీదు. మొక్క ఆకులన్నీ పోతాయి. ఆకులన్నీ పోయిన గడ్డ ఆ ఏడాది ఏం తింటుంది? పాత నిలవ మీద బతుకుతుంది. మరుసటి ఏడు సన్నబడి వస్తుంది. ఇంకోసారి అదే చేస్తే రాదు.

పద్ధతి ఇది. మొక్కకు ఒక్క ఆకు. రెండాకులున్న దాన్నుంచి ఒకటి, మూడాకులున్న దాన్నుంచీ ఒకటే. ఒంటాకు మొక్క జోలికి పోవద్దు, అది పిల్ల. కత్తెరతో, ఆకు కాడను కలిసే చోట తుంచండి. చేత్తో గుంజకండి. ఆ నేల ఎంత మెత్తన అంటే, ఆకు పట్టుకుని లాగితే గడ్డ కూడా వచ్చేస్తుంది. వచ్చాక మళ్లీ పాతేస్తే సరిపోతుందిలే అనుకుంటారు. వేళ్లు తెగిన గడ్డకు ఆ ఏడు ఎండ దక్కకుండానే పోతుంది.

ఎప్పుడు కోయాలి? మొలిచిన మొదటి వారంలో లేతగా ఉందని కోస్తారు. అప్పటికి ఆ ఆకు గడ్డకు ఇంకా ఏమీ కూడబెట్టలేదు, పైగా గడ్డలోంచి తీసుకునే పెరుగుతోంది. మూడు వారాలు ఆగండి. ఆకు పూర్తిగా విచ్చుకుని, ఇంకా పసుపు తిరగని రోజుల్లో కోస్తే మొక్కకు నష్టం తక్కువ, మనకు ఆకు పెద్దది. మన వైపు అది ఏప్రిల్ మూడో వారం నుంచి మే మొదటి వారం దాకా.

గుంపులో ఎన్నిటి నుంచి? నేను చెప్పే లెక్క రాసుకోండి. ముందు నిలబడి లెక్కపెట్టండి. వంద మొక్కల లోపు ఉన్న గుంపును చూసి, ఫోటో తీసుకుని, వచ్చేయండి. అంతకు మించి ఉంటే, నాలుగు పెద్ద మొక్కలకు ఒక మొక్క నుంచి ఒక ఆకు. ఒకే మూల కోయకుండా చెదురుగా కోయండి. ఈ ఏడు కోసిన గుంపును వచ్చే ఏడు వదిలేయండి. నలుగురున్న ఇంటికి ఎంత కావాలి? పాతిక, ముప్పై ఆకులు చాలు. పప్పులోకి పది పన్నెండు ఆకులు వేస్తే ఇల్లంతా వాసన.

గడ్డ తినాలని ఉంది అంటారు కొందరు. గడ్డ రుచి నాకూ తెలుసు. కానీ అడవి గడ్డ వద్దు. చెరోకీలకు ఒక పద్ధతి ఉంది. మొక్కను పూర్తిగా పీకకుండా, వేళ్లు అంటుకున్న అడుగు భాగం మట్టిలోనే ఉంచి, పైది కోసుకుంటారు. ఆ అడుగు మళ్లీ మొలిచే అవకాశం ఉంటుంది. తరతరాలుగా ఆ కొండల్లో ఎక్కడ ఎంత ఉందో తెలిసినవాళ్లు, ఏళ్ల తరబడి చోట్లు మార్చి మార్చి చేసే పని అది. వారాంతంలో కారేసుకుని వెళ్లే మనం ఆ లెక్క పాటించలేం. అందుకని మనకు ఆకే.

బజారులో కొనేటప్పుడు కూడా అడగండి. ఏప్రిల్‌లో ఫార్మర్స్ మార్కెట్లలో గడ్డలతో సహా కట్టలు కట్టి అమ్ముతారు. "ఆకు మాత్రమే ఉందా?" అని అడగండి. పదిమంది అడిగితే మరుసటి వారం అమ్మేవాడు ఆకు మాత్రమే తెస్తాడు.

నడక గురించి ఒక మాట. మీరు కోసేదానికంటే తొక్కేదే ఎక్కువ కావచ్చు. గడ్డిపోచల్లా ఉన్న ఆ మొదటి ఏడాది పిల్లలు పెద్ద మొక్కల చుట్టూనే ఉంటాయి. గుంపు మధ్యలోకి వెళ్లకండి, అంచున మోకాళ్ల మీద కూర్చుని చేయి చాపి కోయండి. పిల్లల్ని పరుగెత్తనివ్వకండి. బూట్ల అడుగు బ్రష్షుతో దులుపుకుని అడవిలోకి వెళ్లండి, దులుపుకునే బయటికి రండి. ఆసియా నుంచి వచ్చిన జంపింగ్ వర్మ్ అనే వానపాము గుడ్లు బూట్ల మట్టిలోనే ప్రయాణం చేస్తాయి. అవి రాలిన ఆకుల పొరను తినేసి నేలను కాఫీపొడిలా చేస్తాయి. ఆ పొర లేకపోతే ర్యాంప్ గింజ మొలిచి నిలబడడం కష్టం. ఇంకా, అల్లియమ్ లీఫ్‌మైనర్ అనే ఈగ ఉంది. అమెరికాలో మొట్టమొదట కనిపించింది మన పెన్సిల్వేనియాలోనే, లాంకాస్టర్ కౌంటీలో, 2015 డిసెంబరులో. ఆకు కొసన సూదితో గుచ్చినట్టు తెల్లటి చుక్కలు వరసగా ఉంటే అదే. పురుగు ఆకులోంచి గడ్డలోకి దిగుతుంది. అలాంటి చోటి మొక్కను ఇంకో చోటికి తీసుకెళ్లకండి.

స్థలం ఎవరిదో అడక్కుండా కాలు పెట్టకండి. ప్రైవేటు భూమైతే యజమానిని, పార్కైతే ఆ పార్కు ఆఫీసును. ప్రతి పార్కుకూ నియమం వేరు, "ఎవరో కోస్తుంటే చూశాం" అన్నది అనుమతి కాదు. అనుమతి దొరికి, మంచి చోటు తెలిసిందనుకోండి. అప్పుడు ఆ లొకేషన్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఇది మాత్రం చేతులు జోడించి అడుగుతున్నాను. మూడొందల మంది ఉన్న గ్రూపులో ఒక పిన్ పడితే, ముప్పై మంది వెళ్తే, మనిషికి ముప్పై ఆకులు మర్యాదగా కోసినా తొమ్మిది వందల ఆకులు. ఏ ఒక్కరూ తప్పు చేయకుండానే ఆ గుంపు పోతుంది.

పిడుదులు, అంటే టిక్స్, ఏప్రిల్ నాటికే తిరుగుతుంటాయి. పొడుగు ప్యాంటు, దాన్ని మేజోళ్లలోకి దోపుకోండి. ఇంటికి రాగానే స్నానం చేసి మోకాళ్ల వెనక, చంకల్లో, పిల్లలకు తలవెంట్రుకల్లో చూడండి. వాటి కాటు వల్ల వచ్చే లైమ్ జబ్బు తేలిగ్గా తీసుకోవలసింది కాదు.

వెల్లుల్లి వాసనే కావాలి, బుట్టెడు కావాలి అనేవాళ్లకు ఇంకో దారి ఉంది. గార్లిక్ మస్టర్డ్. యూరప్ నుంచి వచ్చి ఇక్కడి అడవుల్ని ఆక్రమించిన కలుపు. అంచుల్లో పళ్లున్న గుండ్రటి ఆకు, నలిపితే వెల్లుల్లి వాసన. దాన్ని వేళ్లతో సహా పీకేయండి, ఎంత పీకితే అంత మేలు. లేత ఆకులు ఉడికించి పులుసుకూరలో వేసుకోవచ్చు. ర్యాంప్స్‌కు చోటూ మిగులుతుంది. ఇక్కడ మాత్రం మీ చేతికి అడ్డు చెప్పను.

ఇంటికి తెచ్చాక

సింకు పక్కన తువ్వాలు పరిచి, ఆకులన్నీ ఒక్కొక్కటిగా పేర్చండి. కుప్ప పోయకండి. ఇంట్లో ఇంకొకరు, కోసినవారు కాకుండా వేరొకరు, ప్రతి ఆకూ చూడాలి. కుచ్చిళ్లు ఉన్నాయా? బిరుసుగా ఉందా? అనుమానం ఉన్న ఆకు చెత్తబుట్టలోకి. 'పోనీలే ఒక్కటే కదా' అనకండి.

తడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు ఉంటాయి. పప్పు ఉడికి, పోపు పడ్డాక చివర్లో తరిగి వేయండి, నిమిషం చాలు. ఎక్కువ ఉడికితే వాసన పోయి పాలకూరలా మిగులుతుంది. పోపులో వెల్లుల్లి వేయక్కర్లేదు. పెసరట్టు మీద ఉల్లిపాయకు బదులు చల్లుకోవచ్చు. పెంపుడు కుక్కకూ పిల్లికీ మాత్రం పెట్టకూడదు, ఉల్లిజాతి వాటికి విషం.

పచ్చడి. ఇది తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మనం ఏ ఆకు దొరికినా నూరి, నూనె పోసి, జాడీలో పెట్టి గట్టు మీద ఉంచుతాం. దీనితో అలా చేయొద్దు. మట్టిలో పెరిగే ఉల్లిజాతి వాటి మీద బొట్యులిజం క్రిమి, అంటే ప్రాణం తీయగల విషాన్ని తయారుచేసే క్రిమి, ఉండొచ్చు. గాలి ఆడని చోటు దానికి కావాలి, నూనె కింద సరిగ్గా అదే దొరుకుతుంది. వాసన మారదు, రుచి మారదు, చూసి పట్టుకోలేం. కాబట్టి చింతపండు బాగా వేసి నూరినా సరే, ఫ్రిజ్‌లోనే పెట్టి నాలుగు రోజుల్లో తినేయండి. మిగిలితే ఐస్ ట్రేలలో పోసి ఫ్రీజర్లో పెట్టండి. నిలవ ఉండాలంటే ఆకును ఎండబెట్టి, ఉప్పు ఎండుమిరపకాయలతో కారప్పొడి కొట్టుకోండి. అది నా ఓటు. చెమ్మ లేదు కాబట్టి భయమూ లేదు.

ఎవరికైనా తిన్నాక తేడా చేస్తే వాంతి అయితే తగ్గిపోతుందని కూర్చోకండి. మనిషి స్పృహ తప్పుతుంటే, ఊపిరి ఇబ్బందైతే 911. లేకపోతే వెంటనే పాయిజన్ కంట్రోల్, 1-800-222-1222, పగలూ రాత్రీ పలుకుతారు. మిగిలిన ఆకు పారేయకుండా ఉంచండి, డాక్టరుకు అదే ఆధారం.

పెరట్లో పెంచుకోవచ్చా అని వచ్చినప్పుడే ఇద్దరు అడిగారు. పెంచుకోవచ్చు. పెరట్లో మేపుల్ చెట్టు నీడ ఉంటే చాలు, పచ్చికలో మాత్రం రాదు. అడవిలోంచి తవ్వి తేకుండా, పెంచి అమ్మేవాళ్ల దగ్గర వేళ్లున్న గడ్డలు కొనండి. మూడంగుళాల లోతు, నాలుగు నుంచి ఆరంగుళాల ఎడం, పైన రెండు మూడంగుళాల ఎండాకులు. శరదృతువులో ఆకులు ఊడ్చి సంచుల్లో కట్టి పారేస్తాం చూడండి, ఆ పని ఆ చెట్టు కింద మానేయండి. గింజ దొరికితే సెప్టెంబరులో ఆకుల పొర తప్పించి, నేల మీద చల్లి, అరచేత్తో అదిమి, మళ్లీ ఆకులు కప్పండి. మరుసటి వసంతంలో ఏమీ రాకపోతే చచ్చిపోయాయని తవ్వి చూడకండి. ఆ పై వసంతంలో వస్తాయి.

సరే, ఇప్పుడు బల్ల దగ్గరికి రండి. హాలు బయట కుళాయి ఉంది, సబ్బుతో చేతులు కడుక్కుని ఒక్కొక్కరుగా రావాలి. ముందు రెండో ట్రేలో లిలీ ఆకు నలిపి వాసన చూడండి. వెళ్లి మళ్లీ చేతులు కడుక్కోండి. ఆ తర్వాత మొదటి ట్రే, ర్యాంప్. ఆ చేత్తోనే, కడుక్కోకుండా, లిలీ ఆకు ఇంకోసారి ముట్టుకుని చూడండి. మూడో ట్రే పక్కన భూతద్దం పెట్టాను, కుచ్చిళ్లు దాంతో చూడండి, చేయి పెట్టకండి. ఇవన్నీ అయ్యాక ఇంటికి బయల్దేరే ముందు అందరూ మళ్లీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పిల్లల చేతులు మీరే కడగండి.